దీపాల వేళ మూసుకునే తలుపు

కూర్చుని రాస్తున్నానంటే అబద్ధమవుతుంది. ఈ నాలుగు వాక్యాలు రాసేలోపే రెండుసార్లు లేచి మా వంటింటి తలుపు దగ్గరికి వెళ్లి వచ్చాను. జానెడు తెరిచి వదిలాను, టక్కుమని పడింది. వచ్చి కూర్చున్నాను. పడింది కదా అని మనసుకు చెప్పుకున్నాను. మళ్లీ లేచాను.

"గా తలుపుకు నోరుంటె నిన్ను ఎన్నడో తిట్టిపోసేది" అంటుంది నా భార్య సరోజన.

పని మానేసి రెండేళ్లయింది. జనగామలో సొంత ఇల్లుంది, ఇంటి ముందు నీడ ఉంది, నీడలో కుర్చీ ఉంది. కూర్చోవడమే చేతకావడం లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఊరూరా తిరిగి తలుపులు బిగించినవాణ్ణి. అందులో చివరి పదిహేనేళ్లూ మంటను ఆపే తలుపులే. మొదట కర్మాగారాలకు, తర్వాత ఇళ్లకు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పక్కల ఎవరింట్లోనైనా వంటింటి దగ్గరో మెట్ల దగ్గరో ఒక బరువైన తలుపు దానంతటదే మూసుకుంటే, అది నేను బిగించినదే కావచ్చు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొలతలు, స్క్రూల సైజులు కంపెనీవాళ్లు ఇచ్చే కాగితంలో ఉంటాయి, చదువుకోండి. ఆ కాగితంలో లేనివి కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. దాని దగ్గరికి రావాలంటే ముందు రెండు మూడు సంగతులు చెప్పాలి.

గంట తలుపు

మా పనిలో ఈ తలుపులను కాలంతో పిలుస్తాం. మంటను అరగంట ఆపేది అరగంట తలుపు, గంట ఆపేది గంట తలుపు. ఆ మాట మాకు ఎంత అలవాటంటే, వినేవాడికి ఎలా వినిపిస్తుందో మరిచిపోయాం.

మొగుళ్లపల్లిలో ఒక రైతు కొత్త ఇల్లు కట్టుకుని, పక్క గదిలో పత్తి నిలవ చేసేవాడు. ఆ గదికీ ఇంటికీ మధ్య గంట తలుపు పెట్టాలని ఫోన్లోనే మాట్లాడుకున్నాం. వెళ్లి బిగించాను. పని అయ్యాక ఆయన తలుపు చుట్టూ తిరిగాడు. ముందు చూశాడు, వెనక చూశాడు, పైకి తలెత్తి చూశాడు.

"అంత మంచిగనే ఉన్నది గని, గంట ఏదే?" అన్నాడు.

"ఏ గంట?"

"గంట తలుపు అన్నవ్ గదనే. మంట లేస్తె మోగే గంట."

నాకు నవ్వాగలేదు. ఆయనకు కోపమొచ్చింది. ఆ తర్వాత అక్కడే నేల మీద కూర్చుని వివరంగా చెప్పాను. ఈ తలుపు మంటను ఆర్పదు, కేకలు పెట్టదు. గంటసేపు మంటనూ పొగనూ అవతలే నిలబెడుతుంది. ఆ గంటలో లోపలివాళ్లు బయటపడాలి, లేదా బయటివాళ్లు వచ్చి తీయాలి.

అప్పుడాయన, "అంటె నువ్వు తలుపు అమ్ముతలేవ్. యాళ్ల అమ్ముతున్నవ్" అన్నాడు.

నేను అమ్మేది సమయం అని ఇన్నేళ్లలో అంత చక్కగా ఏ ఇంజనీరూ చెప్పలేదు. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా ఆయన మాటే చెప్పాను. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. తలుపంటే ఒట్టి చెక్క కాదు. చుట్టూ ఉండే చట్రం, మేము దర్వాజ అంటాం, ఆ దర్వాజ గాడిలో వేడికి ఉబ్బి సందులు మూసే పట్టీ, బరువు మోసే మూడు కబ్జాలు అనే మడతబందులు, తెరిచిన తలుపును వెనక్కి లాగే క్లోజరు, చివర పడే గొళ్లెం, ఇవన్నీ కలిపితేనే గంట. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతావన్నీ దండగే.

నాలుగు కార్డులు

మా ఇంట్లో వడ్రంగం తాతల నాటిది. మా బాపు నేర్పిన మొదటి పాఠం సందు వదలడం. వానకాలం చెక్క ఉబ్బుతుంది, సందు లేకుండా బిగిస్తే ఆషాఢంలో తలుపు పట్టేసి ఇంటావిడ నిన్నే తిడుతుంది అనేవాడు. నా చేతికి ఆ సందు ఎంత అలవాటంటే, కొలవకుండానే వచ్చేది.

ఆ అలవాటుతోనే భూపాలపల్లి దగ్గర ఒక కర్మాగారం పనిలో చేరాను. అక్కడ మా మీద ప్రసాద్ గారని ఒక సూపర్‌వైజరు. కోస్తా మనిషి. నేను దర్వాజ అంటే నవ్వేవాడు, నేను ఆయన నవ్వును చూసి పళ్లు కొరికేవాణ్ణి. మొదటి వారంలోనే ఆరు తలుపులు బిగించి, చూడమని గర్వంగా పిలిచాను. ఆయన జేబులోంచి నాలుగు పాత ఏటీఎం కార్డులు తీశాడు. రబ్బరు బ్యాండు వేసి ఒకదాని మీద ఒకటి కట్టి ఉన్నాయి. నాలుగు కలిపితే మూడు మిల్లీమీటర్లు. వాటిని తలుపుకూ దర్వాజకూ మధ్య పెట్టి పైనుంచి కిందికి లాగాడు. ఎక్కడా తగలకుండా జారిపోయాయి. అయిదో కార్డు కలిపాడు, ఆరోది కలిపాడు. అయినా జారాయి.

"ఏంటయ్యా ఇది, బల్లి కుటుంబంతో సహా వెళ్లిపోయేలా ఉంది" అన్నాడు.

"వానకాలం ఉబ్బుతది సార్, అందుకే ఇడిసిపెట్టిన."

"ఇందులో ఉబ్బాల్సింది చెక్క కాదయ్యా, పట్టీ. పట్టీ ఎంత ఉబ్బుద్దో అంతే సందుండాలి. నువ్వొదిలిన సందులోంచి పొగ పెళ్లి ఊరేగింపులా వెళ్లుద్ది. ఆరూ విప్పు."

విప్పాను. రెండు రోజులు పట్టింది. లోలోపల ఆయన్ను తిట్టని తిట్టు లేదు. కానీ మనసులో మాట దాచడమెందుకు, ఆయన చెప్పిందే నిజం. బాపు నేర్పిందీ నిజమే, అది వేరే తలుపుకు. ఒక పనిలో ఆరితేరిన చెయ్యి పక్క పనిలో మొదటి శత్రువు.

ప్రసాద్ గారు ఇంకో మాట కూడా అన్నాడు. నేను ఒక గుమాస్తా బతిమాలితే వాళ్ల గది తలుపు క్లోజరు స్ప్రింగు పూర్తిగా వదులు చేశాను. అది తెలిసి నన్ను పక్కకు పిలిచాడు. "నీ చెయ్యి మంచిది. మనసు మెత్తన. ఈ తలుపుకి మెత్తన మనసు పనికిరాదు" అన్నాడు. ఆ మాటను అప్పుడు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను.

గడప

ఇళ్ల పనులు మొదలయ్యాక నాకు కొంచెం పేరొచ్చింది. ఆ పేరు ఎలా వచ్చిందో చెబుతాను, ఎందుకంటే తప్పు కూడా ఆ దారిలోనే వచ్చింది.

కర్మాగారాలకు వచ్చే దర్వాజలకు మూడు పక్కలే ఉండేవి, కింద గడప ఉండదు. భూపాలపల్లి దగ్గర ఒక ఊళ్లో అలాంటిదే వంటింటికి పెట్టాను. ఆ ఇంటి పెద్దావిడ వచ్చి చూసి అడుగు లోపల పెట్టనంది. "గడప లేని దర్వాజెట్ల దాటాలె? పసుపెక్కడ రాయాలె, నీ నెత్తికా?" అంది. కొడుకులు ఆమెను మందలించబోయారు. నేను వద్దన్నాను. కంపెనీకి ఫోన్ చేసి అడిగితే, ఆ తలుపుతో పాటు పరీక్షకు నిలిచిన గడప ఉందనీ, కావాలంటే పంపిస్తామనీ చెప్పారు. తెప్పించి పెట్టాను. చూస్తే తలుపు కింది సందు సగానికి పైగా తగ్గింది. ఆవిడ పసుపు కోసం అడిగింది పొగకూ పనికొచ్చింది.

మామిడాకుల సంగతీ అంతే. పండగ వచ్చిందంటే దర్వాజ నెత్తిన మేకులు కొడతారు, ఆ మేకులు పోయి పోయి ఉబ్బే పట్టీలో దిగుతాయి. కొట్టవద్దంటే ఎవరూ వినరు, వినకూడదు కూడా. అందుకే దర్వాజకు పైన గోడకు నేనే రెండు చిన్న కొక్కేలు బిగించి తోరణం వాటికి కట్టుకోమనేవాణ్ణి. అందరికీ నచ్చింది.

అలా, వడ్లాయన, అంటే వడ్రంగి, పెద్దోళ్ల మాట వింటాడు, ఇంటి పద్ధతి తెలిసినవాడు అని నలుగురూ అనుకోసాగారు. ఆచారాన్ని వెక్కిరించే ఫిట్టరుకు పని రాదని ఇప్పటికీ అంటాను. కానీ మెప్పు తీపి రుచి లాంటిది. ఆ రుచి మరిగాక కాదనడం చేతకాదు.

కొండి

పని మానడానికి మూడేళ్ల ముందు మాట. మహబూబాబాద్‌లో, మేము మానుకోట అంటాం, సారయ్య అని ఒక పరుపుల దుకాణం ఆయన. కింద దుకాణం. లోపలంతా దూది, ఫోము, రెక్సిన్, ఒక పక్క కుట్టుమిషన్లు. పైన కాపురం. దుకాణం పక్కనుంచే మెట్లు. పైకి పోవడానికీ కిందికి రావడానికీ ఆ ఒక్కటే దారి. సారయ్య, భార్య స్వరూప కుర్రకారే, ఏదైనా జరిగితే ఎలాగో దిగుతారు. సారయ్య తల్లి రాజవ్వ మోకాళ్లు పట్టేసి మెట్లు దిగి మూడేళ్లయింది. దవాఖానకు వెళ్లాలంటే కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోయాలి. అందుకే మెట్ల పైన, ఇంటి ముఖద్వారానికి గంట తలుపు. కింద అంటుకుంటే తలుపు మూసుకుని రాజవ్వను వీధివైపు బాల్కనీలోకి తీసుకెళ్లాలి, అక్కడినుంచి ఫైరింజను వాళ్లు నిచ్చెన మీద దింపుతారు. ఆ తలుపు పెట్టింది ఆమె ఒక్కదాని కోసమే.

చాలా మంచి పని చేశాను. నాలుగు కార్డులూ నాలుగు పక్కలా సరిగ్గా పట్టాయి. జానెడు తెరిచి వదిలితే టక్కుమని గొళ్లెం పడింది. సాయంత్రం సామాను సర్దుకుంటుంటే రాజవ్వ మంచం మీదినుంచి పిలిచింది.

"బిడ్డా, జర దాన్ని తెరిచి పెట్టు. దీపం వెట్టే యాళ్లయింది."

"అది నిలవదవ్వా. దానంతటదే మూసుకుంటది."

"మూసుకుంటదా? దీపం యాళ్ల ముంగటి దర్వాజ మూసుకుంటే లచ్చిమి ఎట్లస్తది?"

మన ఇళ్లలో ఈ పద్ధతి తెలియనిదెవరికి? సందెవేళ వెనక తలుపు మూస్తాం, ముందు తలుపు తెరుస్తాం. నాకు తెలుసు, అయినా ఆలోచించలేదు. సారయ్య, "అమ్మా, గవన్ని ఇప్పుడు నడవయ్" అన్నాడు. ఆమె కొడుకు వంక చూడలేదు. నన్నే చూస్తూ, "మీ బాపు చేసిన దర్వాజలు గిట్లనే మొఖం మీద కొట్టేటియా?" అంది. కళ్లల్లో నీళ్లు.

నేను కిందికి దిగి, వీధి చివర హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లి, తెరిచిన తలుపును పట్టి ఉంచే ఇత్తడి కొండి అడిగాను. విడిగా ఇవ్వరట, మూడు కలిపి పొట్లం. కొన్నాను. ఒకటి గోడకు బిగించి, దాని గాలం తలుపు రింగులో వేసి చూపించాను.

"దీపం ఉన్నంతసేపే అవ్వా. తర్వాత తీసెయ్యాలె."

"నువ్వు సల్లగుండాలె బిడ్డా" అని దీవించింది.

పాము చావలేదు, కర్ర విరగలేదు అనుకుంటూ సంతోషంగా ఇంటికొచ్చాను. ప్రసాద్ గారి మాట గుర్తు రాలేదు.

జనగామ గోడ

పని మానేశాక, మొన్నటి ఎండాకాలంలో, మా వీధికి రెండు వీధుల అవతల ఒక ఇంట్లో మెట్ల కింద పెట్టిన ఇన్వర్టరు బ్యాటరీలు అంటుకున్నాయి. పట్టపగలు. మెట్ల గదికీ హాలుకూ మధ్య తలుపు నేను బిగించినదే. పరుగెత్తుకు వెళ్లేసరికి మంట ఆర్పేశారు. ఇంటివాళ్లంతా వీధిలో ఉన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు.

లోపలికి వెళ్లాను. మెట్ల గది కాటుక గిన్నెలా ఉంది. తలుపు ఆ పక్క పొరలు పొరలుగా బొగ్గయింది. సందులన్నింటిలో పట్టీ పొంగి గట్టిపడింది, పాలు పొంగి గిన్నె అంచున ఆరిపోయినట్లుంది. తలుపు తెరుచుకోకపోతే గునపంతో ఊడదీశారు. ఇటు హాల్లో గోడ తెల్లగా ఉంది. గోడకు క్యాలెండరు, క్యాలెండరులో దేవుడు, ఏమీ మారలేదు.

అన్నేళ్లు ఆ పని చేసి, నా తలుపు మంటకు ఎదురు నిలవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ తెల్ల గోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఇంటాయన వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "అన్నా, నీ తలుపు మమ్ముల బతికిచ్చింది" అన్నాడు.

"మీరు మూసి ఉంచిండ్రు గద" అన్నాను.

ఆ మాట నోట్లోంచి బయటికి వస్తుండగానే మానుకోట కొండి కళ్ల ముందుకొచ్చింది. మూసి ఉంచారు కాబట్టి. ఆ సంతోషం అక్కడికక్కడే ఆవిరైపోయింది. ఆ రోజునుంచి అన్నం సరిగా తినలేదు. సాయంత్రమైతే చాలు, మా వీధిలో తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకుంటుంటే, ఒక్కొక్క చప్పుడుకూ రాజవ్వ మంచం గుర్తొచ్చేది.

సారయ్యకు ఫోన్ చేశాను.

"దీపం యాళ్ల అయిపోయినంక కొండి తీస్తున్నరా?"

"ఏ కొండి అన్నా? ఆఁ, గదా. తీస్తనే ఉంటం."

గొంతులోనే తెలిసింది. మళ్లీ చేశాను. మూడోసారి, "అన్నా, గిరాకి ఉన్నరు, తర్వాత మాట్లాడ్త" అన్నాడు. ఆ తర్వాత ఎత్తడం మానేశాడు. నేను ఆపలేదు. ఒకరోజు ఏడుసార్లు చేశాను. చేసిన పనికి భయపడి ఫోన్లు చేసే ముసలాణ్ణి ఎవరు భరిస్తారు? చివరికి సరోజనే నా సంచిలో స్క్రూడ్రైవరు పెట్టి చేతికిచ్చింది.

"పో. గా కొండినన్న పీకు, లేకుంటె నా పానం తీసుడన్న ఆపు" అంది.

పొగ

పొద్దుటి బండి అందలేదు. తర్వాతి బండిలో కూర్చోలేక కాజీపేట దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. మానుకోటలో దిగేసరికి పొద్దు వాలుతోంది. దుకాణం ముందు సారయ్య కొత్త పరుపులు దించుతున్నాడు. నన్ను చూసి ముఖం చిన్నది చేసుకున్నాడు. నేను పలకరించకుండానే మెట్లెక్కాను.

తలుపు బార్లా తెరిచి ఉంది. కొండి దాని చోట దాన్ని పట్టుకునే ఉంది. నేను నిలువునా ఆగిపోయింది తలుపును చూసి కాదు. కొండికి పసుపు రాసి కుంకుమ పెట్టి ఉంది. పైన ఒక బంతిపువ్వు కూడా గుచ్చారు.

రాజవ్వ మంచం మీదినుంచే గుర్తుపట్టింది. "రా బిడ్డా. నువ్వు గా కొండి వెట్టినంకనే మా దుకాణం నడిచింది. లచ్చిమి ఆగకుంట అస్తాంది" అంది. సాయంత్రం పూటే కాదు, అసలు ఎప్పుడూ దాన్ని తీయడమే లేదని అర్థమైంది.

"అవ్వా, దాన్ని తీసేస్త."

"తీస్తవా? పెట్టింది నువ్వే గద."

"నేనే పెట్టిన. తప్పు చేసిన."

"మంచి జరిగింది తప్పెట్లయితది?"

జనగామ ఇంటి సంగతి చెప్పాను. నల్లగా ఒక పక్క, తెల్లగా ఒక పక్క అన్నాను. ఆమె వింది. "వాళ్ల రాత మంచిది" అంది. కింద దూది ఉందన్నాను, ఫోము ఉందన్నాను. "ఇన్నేండ్ల సంది ఉన్నది" అంది. సారయ్య పైకొచ్చి, "వద్దన్నా, అమ్మను పరేషాన్ చెయ్యకు" అన్నాడు. స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది, రెండు స్క్రూలు విప్పడం ఎంతసేపు? కానీ కుంకుమ పెట్టినదాన్ని ఆమె కళ్ల ముందే పీకితే, నేను మెట్లు దిగేలోపు ఆ తలుపుకు రోకలి అడ్డం పెట్టిస్తుంది. అదీ నాకు తెలుసు.

అంతలో స్వరూప వంటింట్లోంచి ఊదు గిన్నె తెచ్చింది. నిప్పుల మీద కొబ్బరి పీచు, పైన సాంబ్రాణి. రోజూ దీపం పెట్టగానే వేస్తుందట. నా నోటికి మాట అదే వచ్చింది.

"చెల్లె, గా గిన్నె జర కింద మెట్ల మీద పెట్టు. మొదటి మెట్టు మీద."

"ఎందుకే?" అంది రాజవ్వ.

"చూస్తవ్ అవ్వా. ఊదే గద."

స్వరూప అత్త వంక చూసి, దిగి వెళ్లి పెట్టింది. ఇంకొంచెం పీచు వేయమన్నాను. తిరిగొచ్చి నా పక్కన నిలబడింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత మెట్ల మలుపులో తెల్లగా పొగ కనిపించింది. గోడను పట్టుకుని పాకినట్లు పైకొచ్చింది. తెరిచిన తలుపు దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. పసుపు రాసిన కొండి మీదుగా, దీపం మీదుగా, హాలు నడిమికి వచ్చి, పైకప్పు కింద పరుచుకుని, తిన్నగా మంచం వైపు దిగింది. బాల్కనీ తలుపు కూడా తెరిచి ఉండటంతో గాలి దాన్ని లాక్కుని వచ్చింది. రాజవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. దగ్గింది. మళ్లీ దగ్గింది. సారయ్య ఒక్క అంగలో మంచం దగ్గరికి వెళ్లాడు.

స్వరూప పరుగున వెళ్లి నీళ్లు తెచ్చింది.

దగ్గు ఆగాక ఆమె తలుపు వంకే చూస్తూ ఉంది. మెట్లను చూసింది, తన కాళ్లను చూసుకుంది.

"లచ్చిమి అచ్చే తొవ్వలనే గిది గూడ అచ్చింది గదరా" అంది.

మూతికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

"ముయ్యి" అంది.

కొండి తీశాను. తలుపు మెల్లగా కదిలి, చివరి జానెడు దూరంలో ఊపందుకుని, టక్కుమని పడింది. అన్నేళ్లు మూతపడకుండా ఉన్నా క్లోజరు పాడవలేదు. లోపల ఉన్న పొగ బాల్కనీలోంచి బయటికి పోయింది. కొత్త పొగ రాలేదు. దీపం వత్తి చిటపట వినిపించింది.

"మరి రోజూ దీపం యాళ్లకు ఎట్ల అత్తమ్మా?" అని స్వరూప మెల్లగా అడిగింది.

"నువ్వు తలుపు తియ్యి, పట్టుకొని నిలబడు, దీపం వెట్టు, దండం వెట్టు, ఇడిసిపెట్టు. గా పాటి సేపట్ల లోపలికి రాలేని లచ్చిమి మనకెందుకు?"

సారయ్య పకపకా నవ్వాడు. తర్వాత ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

స్క్రూలు విప్పాను. రాజవ్వ చెయ్యి చాపితే కొండి ఆమె అరచేతిలో పెట్టాను. కళ్లకద్దుకుని, కాగితంలో చుట్టి తిరిగి నాకే ఇచ్చింది. కుంకుమ పెట్టినదాన్ని చెత్తలో వేయకూడదనీ, ఎక్కడైనా పారే నీళ్లలో వదలమనీ చెప్పింది. గోడకు మిగిలిన రెండు బొక్కలు పూడ్చాను. వెళ్లే ముందు తలుపును మూడుసార్లు జానెడు తెరిచి వదిలాను. మూడుసార్లూ పడింది. అప్పుడు, ఎన్నో నెలల తర్వాత, కాళ్లు చాపుకుని కింద కూర్చున్నాను. స్వరూప చాయ ఇచ్చింది. తాగుతుంటే ఒళ్లంతా తేలికైపోయింది. ఇక ఇంటికి వెళ్లి నా నీడలో నా కుర్చీలో కూర్చుంటాను అనుకున్నాను.

రాజవ్వ నన్నే గమనిస్తోంది.

"బిడ్డా, గిసొంటి కొండి నాకొక్కదానికే పెట్టినవా?"

పొట్లం గుర్తొచ్చింది. మూడు కొండీల పొట్లం. మానుకోటలో దీవెన దొరికాక, అలాంటి మాటే విని, మిగిలిన రెండూ నా చేతులతోనే బిగించాను. ఇన్ని నెలలూ ఈ ఒక్క కొండి మీదే బెంగ పెట్టుకుని వాటిని మనసు వెనక్కి తోసేశాను.

"ఇంకో రెండున్నయవ్వా."

"ఏడ?"

"గూడూర్ల ఒకటి. మహదేవపూర్ల ఒకటి."

ఆమె నా చేతిలోని గ్లాసును చూసింది.

"మహదేవపూరంటె గోదారి ఒడ్డే గద. గా కొండి గూడ ఆడనే ఇడువు" అంది. "మరి చాయ తాగుకుంట కూసున్నవేంది? లే."

గ్లాసు కింద పెట్టి లేచాను.